బ్రేక్ బాగానే పడుతోంది, డబ్బాలో లెవెల్ నిండుగా ఉంది. అయినా బ్రేక్ ఆయిల్ మార్చాలా?

గోదారిగట్టు (ప్రశ్న)

2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 46,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు డిస్క్, వెనక డ్రమ్, ఏబీఎస్ ఉంది. కొన్నప్పటి నుంచి బ్రేక్ ఆయిల్ మార్చలేదు. లెవెల్ మ్యాక్స్ గీతకు కొంచెం కిందే ఉంది, ఎక్కడా లీకు లేదు, పెడల్ గట్టిగానే ఉంది. రంగు మాత్రం పలచటి టీ డికాషన్‌లా మారింది. సర్వీసులో మార్చాలంటున్నారు. వచ్చే నెల ఐదుగురం సామానుతో తిరుమల వెళ్తున్నాం. బ్రేక్ బాగా పడుతున్నప్పుడు మార్చడం అవసరమా? ఆయిల్ తగ్గకుండా, కారకుండా ఉంటే అది పాడయ్యేది ఎలా?

వీల్‌సిలిండర్

మార్చాలండి, అదీ ప్రయాణానికి ముందే. ఇన్నేళ్లకు ఒక్కసారి కూడా మార్చలేదంటే గడువు ఎప్పుడో దాటిపోయింది.

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. గ్లైకాల్ ఈథర్ జాతి ద్రవం, నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. గాలిలోని తేమను తాగడం దాని గుణం. లీకు లేకపోయినా తేమకు దారులున్నాయి. చక్రాల దగ్గరి రబ్బరు హోసుల గోడల్లోంచి నెమ్మదిగా చేరుతుంది, డబ్బా మూతకున్న గాలి రంధ్రం గుండా చేరుతుంది, మూత తీసినప్పుడల్లా ఇంకొంచెం. లెవెల్ ఒక్క గీత కూడా మారదు, లోపలి సరుకు మారిపోతుంది.

తేమ చేరితే మరుగు స్థానం పడిపోతుంది. డాట్ అన్నది ఈ ద్రవానికి ఇచ్చే గ్రేడు. డాట్ 3 రకానికి కొత్తలో కనీసం 205 డిగ్రీలు ఉండాలి, 3.7 శాతం నీరు చేరిన స్థితిలో కనీసం 140. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. ఈ పతనం సమంగా జరగదు. మొదట చేరే ఒకటి రెండు శాతం నీటికే ఎక్కువ భాగం పోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే ఆరేళ్లు దాటిన ఆయిల్‌ను "ఇంకో ఏడాది చూద్దాం" అనడంలో అర్థం లేదు, నష్టం మొదటి రెండు మూడేళ్లలోనే జరిగిపోయి ఉంటుంది.

మరిగితే ఏమవుతుంది? ద్రవం నొక్కితే కుంచించుకోదు, అందుకే మీ కాలి బలం కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పిస్టన్ దాకా వెళ్తుంది. ఆవిరి కుంచించుకుంటుంది. లైనులో ఆవిరి బుడగలు పుట్టాక మీరు పెడల్‌తో బుడగలనే నొక్కుతుంటారు. పెడల్ మెత్తగా నేల దాకా దిగుతుంది, ప్యాడ్ డిస్కును పట్టదు. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, పెడల్ ఎప్పటిలా గట్టిపడుతుంది. అప్పుడు ఏ మెకానిక్‌కు చూపించినా "అంతా బాగానే ఉంది" అంటాడు. ఊళ్లో పెడల్ గట్టిగా ఉంది కాబట్టి ఆయిల్ బాగుందనుకోవడానికి లేదు. ఊళ్లో వాడకంలో అది మరిగేంత వేడి పుట్టదు.

తేమను తాగే గుణం లోపం కాదు, కావాలని పెట్టుకున్నది. నీరు కలవకుండా విడిగా నిలిస్తే బరువుకి కిందికి దిగి కాలిపర్‌లో చుక్కలుగా చేరుతుంది. అక్కడ 100 డిగ్రీలకే మరుగుతుంది, ఉన్న చోటే తుప్పు పట్టిస్తుంది. సిలికాన్‌తో చేసే డాట్ 5కి ఉన్న ఇబ్బంది ఇదే.

రంగును బట్టి తీర్పు చెప్పకండి. లేత పసుపులో ఉన్నదానిలోనూ 3 శాతం నీరు ఉండొచ్చు, సీళ్ల రబ్బరు వల్ల నల్లబడినదానిలో తక్కువే ఉండొచ్చు. తేదీ చూసి మార్చాల్సిన వస్తువు ఇది. చాలా కంపెనీల మాన్యువల్లో రెండేళ్లని ఉంటుంది, కొన్నిటిలో మూడు. బండి తిరిగినా షెడ్డులో ఉన్నా లెక్క అదే.

సీమఎండ

పై వివరణ సరే, కానీ రెండేళ్ల నియమం అన్ని చోట్లా ఒకేలా పట్టుకోవాలా అన్నది నా సందేహం. అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది, విశాఖ, కాకినాడల్లో ఏడాది పొడుగునా ఉక్క. అలాంటప్పుడు ఇద్దరికీ ఒకే గడువా? బ్రేక్ ఆయిల్‌లో తేమ చూసే పెన్ను లాంటి టెస్టర్లు దొరుకుతున్నాయిగా. ఆకుపచ్చ లైటు వెలిగితే ఇంకో ఏడాది వాడుకుంటే తప్పేముంది?

వీల్‌సిలిండర్

సీమఎండ గారూ, పొడి ప్రాంతంలో తేమ నెమ్మదిగా చేరుతుందన్నది నిజమే. మాన్యువల్ మూడేళ్లంటే అక్కడ నిశ్చింతగా మూడేళ్లు వాడొచ్చు. తీరంలో ఉన్నవాళ్లు మాత్రం రెండేళ్లు దాటించకూడదు.

పెన్ను టెస్టర్ మీద నాకు నమ్మకం లేదు. అది కొలిచేది నీటిని కాదు, ద్రవంలో కరెంటు ఎంత పారుతోందో కొలిచి నీటి శాతాన్ని ఊహిస్తుంది. ఒక్కో కంపెనీ ఆయిల్‌లో మందులు ఒక్కో రకం, కాబట్టి ఒకే తేమకు రెండు ఆయిల్స్ రెండు రీడింగులిస్తాయి. ఎర్ర లైటు వెలిగితే నమ్మి మార్చండి, పచ్చ లైటును మాత్రం నమ్మకండి. కొద్ది ఆయిల్‌ను నిజంగా వేడి చేసి మరుగు స్థానం చూపించే యంత్రం కొన్ని వర్క్‌షాపుల్లో ఉంటుంది. అది చెప్పే మాట వేరు.

ఇంకో చిక్కు. టెస్టర్‌ను ముంచేది పైన డబ్బాలో. వేడెక్కేది కింద కాలిపర్‌లో. బ్రేక్ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా చుట్టూ తిరగదు. నొక్కినప్పుడు కొన్ని చుక్కలు ముందుకు జరిగి, వదిలితే వెనక్కి వస్తాయి, అంతే. హోసు పక్కన, కాలిపర్‌లో ఉన్నదే ఎక్కువ తేమ పట్టిన ఆయిల్, అది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. డబ్బాలోది సిరంజితో లాగేసి కొత్తది పోసి "మార్చాం" అని బిల్లు ఇచ్చే చోట్లున్నాయి. డబ్బా చూస్తే తళతళలాడుతుంది, కాలిపర్‌లో పాతదే మిగులుతుంది. నాలుగు చక్రాల దగ్గరి నిపుళ్లు (ఆయిల్ బయటికి తీసే చిన్న మరలు) విప్పి పాతది బయటికి తీశారా లేదా అన్నది దగ్గరుండి చూడండి.

తుప్పు సంగతీ ఉంది. ఆయిల్‌లో తుప్పును ఆపే మందు కలిపి ఉంటుంది, అది కాలంతో ఖర్చయిపోతుంది. ఆ తర్వాత వీల్ సిలిండర్ (వెనక డ్రమ్ములో బ్రేక్ షూలను నెట్టేది) గోడ, కాలిపర్ పిస్టన్, ఏబీఎస్ యూనిట్‌లోని సన్నటి వాల్వులు దెబ్బతింటాయి. ఏబీఎస్ యూనిట్ ధరతో పోలిస్తే బ్రేక్ ఆయిల్ ఖర్చు ఒక లెక్కే కాదు.

ఘాట్‌దిగుడు

తిరుమల ప్రయాణం గురించి అడిగారు కాబట్టి వేడి లెక్క ఒకటి చెప్తాను. తిరుపతికీ కొండపైకీ ఎత్తులో తేడా సుమారు 690 మీటర్లు. మనుషులు, సామానుతో కలిపి బండి 1,200 కిలోలనుకోండి. దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి 81 లక్షల జౌళ్లు దాకా ఉంటుంది. 25 డిగ్రీల నీళ్లు పాతిక లీటర్లు తీసుకుని మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. గేరులో దిగితే అందులో పెద్ద భాగాన్ని ఇంజన్ మింగుతుంది. న్యూట్రల్‌లో బ్రేక్ మీదే దిగితే గాలికి పోయేది పోగా మిగిలిన భారమంతా బ్రేకులదే, ఎక్కువగా ముందు రెండు డిస్కులది.

కాబట్టి ఆయిల్ కొత్తదైనా దిగేటప్పుడు రెండో గేరు, బాగా ఏటవాలు మలుపుల్లో ఒకటో గేరు. ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్ మోడ్. పాదం పెడల్ మీద ఆనించి ఉంచకండి. మలుపుకు ముందు ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయాలి, మధ్యలో డిస్కుకు గాలి తగలాలి. ఇంజన్ ఆపి దిగడం మహా ప్రమాదం. కాలి బలానికి తోడయ్యే బూస్టర్‌లో నిల్వ ఉన్న వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

బ్రేక్ తగ్గడంలో రెండు రకాలున్నాయి, కాలికి తేడా తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత నొక్కినా బండి ఆగక, కాలిన వాసన వస్తుంటే వేడెక్కింది ప్యాడ్లు. పెడల్ స్పాంజిలా మెత్తబడి కిందికి దిగిపోతుంటే మరిగింది ఆయిల్. రెండోది జరిగితే వెంటవెంటనే పంపింగ్ కొట్టండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. గేర్లు ఒక్కొక్కటే తగ్గించండి. లివర్ ఉన్న హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌తో పనిచేస్తుంది, దానికి ఆయిల్‌తో సంబంధం లేదు. బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి తిరిగిపోతుంది.

చాలామందికి తెలియని విషయం, బండి ఆపాక కూడా ఆయిల్ మరుగుతుంది. నడుస్తున్నంతసేపు గాలి తగిలి డిస్కు చల్లబడుతుంటుంది. అలిపిరి దాకా బ్రేక్ మీద దిగి, వెంటనే ఆపి పావుగంట టీ తాగితే, ఆ ఎర్రటి వేడంతా ప్యాడ్ల గుండా కాలిపర్‌లోకి పాకుతుంది. తిరిగి బయలుదేరినప్పుడు మొదటి నొక్కుకే పెడల్ కిందికి పోవచ్చు. దిగాక చదునైన రోడ్డు మీద రెండు మూడు కిలోమీటర్లు బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపి అప్పుడు ఆపండి. శ్రీశైలం, అరకు, మారేడుమిల్లి ఘాట్లకూ ఇదే పద్ధతి.

గోదారిగట్టు

చాలా థాంక్సండి, మార్చేస్తాను. జాకీ, స్టాండ్లు ఉన్నాయి, తమ్ముడు సాయానికి ఉంటాడు. ఇంట్లోనే చేసుకోవచ్చా? ఏబీఎస్ ఉంటే స్కానర్ లేకుండా కుదరదని ఒకరన్నారు. మూత మీద డాట్ 3 అని ఉంది, షాపులో డాట్ 4 పోయమంటున్నారు.

పదోనంబర్‌పానా

చేసుకోవచ్చు. అయితే ఇది బ్రేక్ పని కాబట్టి మొదటిసారి తెలిసినవాళ్లు పక్కన ఉంటే మంచిది.

ముందు ఆయిల్ సంగతి. డాట్ 3 స్థానంలో డాట్ 4 పోయొచ్చు, రెండూ గ్లైకాల్ జాతివే, కలిసినా గడ్డకట్టవు. డాట్ 4 ఉండాల్సిన చోట డాట్ 3 మాత్రం వద్దు. డాట్ 5.1 కూడా ఇదే జాతి. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5 వేరు, సిలికాన్, మీ బండిలోకి రాకూడదు. సీలు ఉన్న 500 మిల్లీలీటర్ల డబ్బాలు రెండు కొనండి, ఒకే లీటరు డబ్బా వద్దు. రెండోది అవసరమైతేనే విప్పుతారు, మిగిలితే సీలుతోనే ఉంటుంది. విప్పిన డబ్బా ఆరు నెలలు అటక మీద పెట్టి మళ్లీ వాడితే మీరే తేమ పోసినట్టు. వాన పడే రోజు ఈ పని పెట్టుకోకండి.

కావలసినవి: నిపుల్‌కు సరిపోయే రింగు పానా (8 లేదా 10 నంబరు ఉంటుంది, ముందే కొలిచి చూడండి), అక్వేరియం షాపులో దొరికే పారదర్శకమైన పైపు ఒక మీటరు, 50 మిల్లీలీటర్ల సిరంజి, ఖాళీ నీళ్ల సీసా, పాత గుడ్డలు, బకెట్ నీళ్లు. నీళ్లెందుకంటే ఈ ఆయిల్ పెయింటును తినేస్తుంది. చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే ధారగా నీళ్లు పోసి కడగాలి.

చదునైన చోట బండి పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్ల మీద నిలపండి. ఇటుకల మీద పెట్టొద్దు, బరువుకు పగులుతాయి. ఇంజన్ ఆపి ఉండాలి. డబ్బా మూత చుట్టూ దుమ్ము తుడిచి, మూత తీసి, సిరంజితో పాత ఆయిల్‌ను లాగండి. అడుగున కొద్దిగా మిగల్చాలి, రంధ్రాలు బయటపడితే గాలి దూరుతుంది. కొత్తది మ్యాక్స్ దాకా పోయండి.

ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది మీ బండి మాన్యువల్ ఏది చెబితే అదే. అది దొరక్కపోతే మాస్టర్ సిలిండర్‌కు (డబ్బా కింద ఉండి, పెడల్ నొక్కితే ఆయిల్‌ను నెట్టేది) దూరంగా ఉన్నదానితో మొదలుపెడతారు. అమెరికా వీడియోల్లో కుడి వెనక చక్రం ముందు అంటారు, అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు కాబట్టి. మనకు మాస్టర్ సిలిండర్ కుడి వైపు, దూరం లెక్కన ఎడమ వెనకది మొదటిది అవుతుంది. తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు.

నిపుల్ మీది రబ్బరు టోపీ తీసి, ముందు పానా ఎక్కించి, ఆ తర్వాత పైపు తొడగండి. పైపు రెండో చివర సీసాలో కొద్దిగా పోసిన కొత్త ఆయిల్‌లో మునిగి ఉండాలి. తమ్ముడికి మూడే మాటలు: నొక్కు, పట్టు, వదులు. నెమ్మదిగా నొక్కి పట్టుకున్నాక మీరు నిపుల్‌ను పావు తిప్పు నుంచి అర తిప్పు విప్పండి. ఆయిల్ పారుతుంది, పెడల్ దిగుతుంది. పెడల్ దిగే ఉండగానే బిగించండి. బిగించాకే "వదులు" అనాలి. ఈ క్రమం తారుమారైతే బయటి గాలి లోపలికి లాగుతుంది. ఐదారు నొక్కులకోసారి డబ్బా చూసి కొత్తది పోస్తూ ఉండండి. ఈ పనిలో జరిగే పొరపాట్లలో మొదటిది డబ్బా ఖాళీ చేసుకోవడం. వెనక చక్రాలకు ఒక్కోదానికి 150 మిల్లీలీటర్లు, ముందు వాటికి 100 చొప్పున తీస్తే చిన్న కారుకు చాలు. పైపులో స్పష్టమైన కొత్త రంగు వచ్చే దాకా ఆపకండి.

పాత బండి కదా, పెడల్‌ను నేలకు తాకనివ్వకండి. రోజూ మాస్టర్ సిలిండర్ పిస్టన్ సగం దాకానే కదులుతుంది. ఆ అవతల గోడ మీద ఏళ్ల మురికి, తుప్పు ఉంటాయి. సీలు వాటి మీదుగా వెళ్తే గీసుకుపోతుంది, ఆయిల్ మార్చిన వారానికే పెడల్ మెల్లగా జారడం మొదలవుతుంది. పెడల్ కింద రెండంగుళాల చెక్క ముక్క పెట్టండి.

ఏబీఎస్ గురించి: లోపలికి గాలి పోకుండా ఆయిల్ మార్చడం వరకైతే చాలా బళ్లకు స్కానర్ అక్కర్లేదు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్తే మాత్రం లోపలి పంపు, వాల్వులు స్కానర్‌తో తిప్పితే గానీ రాదు. డబ్బా ఖాళీ కానివ్వొద్దన్నది అందుకే. బ్రేకును ఎలక్ట్రానిక్‌గా నడిపే హైబ్రిడ్ బళ్లు, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్నవి ఇంట్లో ముట్టుకోకండి.

అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి పెడల్ నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. స్టార్ట్ అయినప్పుడు కాస్త దిగడం మామూలే, బూస్టర్ అందుకుంటుంది. ఆ తర్వాత కూడా మెల్లగా దిగుతూ ఉంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ సీలు పోయింది. స్పాంజిలా ఉంటే గాలి మిగిలింది, మళ్లీ తీయాలి. మొదట ఖాళీ సందులో నడక వేగంతో నాలుగైదు సార్లు ఆపి చూశాకే రోడ్డెక్కండి.

క్లచ్‌లైన్

ఒకటి కలుపుతాను. కొన్ని కార్లలో క్లచ్ కూడా హైడ్రాలిక్, అదే డబ్బాలోంచి సన్న పైపుతో ఆయిల్ తీసుకుంటుంది. నాలుగు చక్రాల దగ్గరా మార్చి క్లచ్‌ను వదిలేస్తుంటారు. గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్ నిపుల్ విప్పి చూస్తే నల్లటి ఆయిల్ వస్తుంది. క్లచ్ పెడల్ సగంలో మెత్తగా ఉండి రివర్స్ గేరు గీరుకుంటుంటే ముందు అనుమానించాల్సింది ఇదే. మరో 100 మిల్లీలీటర్లు లెక్కేసుకోండి. కేబుల్ క్లచ్ అయితే ఈ పని లేదు.

లెవెల్ తగ్గగానే పోయడం కూడా మంచి అలవాటు కాదు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ మేరకు డబ్బాలో తగ్గుతుంది. మీరు నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నెట్టగానే పొంగి ఇంజన్ బే పెయింటు పోతుంది. ప్యాడ్లు మందంగా ఉండగానే లెవెల్ మిన్ దగ్గరికి వచ్చిందంటే లీకు వెతకండి. వెనక డ్రమ్ముల లోపల, వీల్ సిలిండర్ల రబ్బరు తొడుగుల కింద తడి ఉందేమో చూడండి.

ఎన్‌ఎస్‌రోడ్డు

బైకులకూ ఇదే వర్తిస్తుందా? ముందు డిస్క్ లివర్ వదిలినా చక్రం కాస్త పట్టుకునే ఉంటోంది. మెకానిక్ కాలిపర్ శుభ్రం చేసినా రెండు రోజులకు మళ్లీ అంతే.

పదోనంబర్‌పానా

వర్తిస్తుందండి. హ్యాండిల్ మీది చిన్న డబ్బా ఎండలో మాడుతుంది, ఉన్న ఆయిల్ కొద్దిదే, కాబట్టి త్వరగా పాడవుతుంది. ఒక డిస్కుకు 100 మిల్లీలీటర్లు సరిపోతుంది.

కాలిపర్ శుభ్రం చేసినా తిరిగి పట్టేస్తోందంటే పైన చూడాలి. డబ్బా అడుగున రెండు రంధ్రాలుంటాయి, ఒకటి సూది మొనంత సన్నం. లివర్ వదిలినప్పుడు వేడికి పెరిగిన ఆయిల్ వెనక్కి వచ్చే దారి అదే. పాత ఆయిల్ జిగురు కట్టి ఆ రంధ్రం మూసుకుపోతే ఒత్తిడి లైనులోనే ఉండిపోతుంది, ప్యాడ్లు వదలవు. డబ్బా ఖాళీ చేసి, గిటారు తీగ లాంటి సన్నటి తీగతో మెల్లగా తెరిచి, కొత్త ఆయిల్‌తో కడగండి. పిన్నీసు గుచ్చితే రంధ్రం పెద్దదై సీలు కోసుకుపోతుంది.

మూత స్క్రూలు మెత్తటివి, సరిపోయే స్క్రూడ్రైవర్‌ను గట్టిగా అదిమి తిప్పండి, లేదంటే తల అరిగిపోతుంది. ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి. మూత తీసి ఉండగా లివర్ జోరుగా నొక్కితే ఆయిల్ చిమ్మి కళ్లలో పడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. అంతా అయ్యాక లివర్ ఇంకా కొద్దిగా మెత్తగా ఉంటే హ్యాండిల్‌కు నొక్కి తాడుతో కట్టి రాత్రంతా వదిలేయండి. ఉదయం విప్పితే పైపు మలుపుల్లో ఇరుక్కున్న చిన్న బుడగలు పైకి తేలి డబ్బాలోకి వస్తాయి.

గోదారిగట్టు

డబ్బాలు రెండు తెచ్చాను. ఎడమ వెనక నిపుల్ తుప్పు పట్టి కదలడం లేదు. ఇంకో అనుమానం, ఇంతకు ముందు ఎవరో లెవెల్ పోశారు, ఏం పోశారో తెలియదు. ఇంజన్ ఆయిల్ గానీ పోసి ఉంటే?

వీల్‌సిలిండర్

అది తేలిగ్గా తేల్చొచ్చు. డబ్బాలోంచి తీసిన ఆయిల్ నాలుగు చుక్కలు గాజు గ్లాసు నీళ్లలో వేసి కలపండి. బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలో కరిగిపోతుంది. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ కలిసి ఉంటే పైన జిడ్డు పొర తేలుతుంది. పొర తేలితే ఆయిల్ మార్చడంతో సరిపోదు. ఆ నూనెకు సీళ్ల రబ్బరు ఉబ్బిపోతుంది. మూత లోపలి రబ్బరు ఉబ్బి వదులైందేమో కూడా చూడండి. అప్పుడు మాస్టర్ సిలిండర్ నుంచి వీల్ సిలిండర్ల దాకా రబ్బరున్న ప్రతి భాగం, హోసులతో సహా మార్చాల్సిందే. ఆ బండితో కొండ ఎక్కొద్దు.

పదోనంబర్‌పానా

నిపుల్‌ను దూకుడుగా తిప్పకండి, మధ్యలో రంధ్రం ఉంటుంది కాబట్టి పుటుక్కున విరుగుతుంది. వైర్ బ్రష్‌తో మొదలు దగ్గరి తుప్పు గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ స్ప్రే మొత్తం తుడిచేయండి, అది కూడా నూనే, ఆయిల్‌లోకి పోకూడదు. ఆరు ముఖాల రింగు పానా లేదా సాకెట్ వేసి, చిన్న సుత్తితో నిపుల్ తల మీద నాలుగు దెబ్బలు తేలిగ్గా కొట్టి, ముందు బిగించే వైపు వెంట్రుకంత, తర్వాత విప్పే వైపు. రెండు ప్రయత్నాలకు కదలకపోతే ఆపేసి వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. డ్రమ్ముకు వీల్ సిలిండర్ మొత్తం కొత్తది వేయడం పెద్ద ఖర్చు కాదు, అందులో కొత్త నిపుల్ ఉంటుంది. బిగించేటప్పుడు వేళ్ల బిగువు అయ్యాక చిన్న పానాతో ఇంకాస్త, అంతే. నాలుగు నిపుళ్లకూ కొత్త రబ్బరు టోపీలు తొడగండి. రంధ్రంలోకి నీళ్లు, మట్టి చేరకుండా ఉంటే రెండేళ్ల తర్వాత ఇదే నిపుల్ సులభంగా వస్తుంది. మార్చిన తేదీని డబ్బా పక్కన స్టిక్కర్ మీద రాసి అంటించండి, తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా సీసాలో మూత పెట్టి వర్క్‌షాపులో ఇచ్చేయండి.